కర్త విడిచివెళ్ళిన గ్రంథం

రేపల్లె నుంచి తూర్పుగా సాగే దారి పెనుమూడి దగ్గర కృష్ణానదిని చేరుతుంది. ఒకప్పుడు ఆ రేవు దాటడానికి పడవలే శరణ్యం. ఇప్పుడు పొడవైన వంతెన ఉన్నది. దానిమీదుగా వెళితే పులిగడ్డ, ఆపైన దివిసీమకు ఆయువుపట్టువంటి అవనిగడ్డ. ఆ ప్రాంతం నుంచి వచ్చిన ప్రజానాయకులలో మండలి వెంకటకృష్ణారావు సుప్రసిద్ధులు. 1975లో హైదరాబాదులో జరిగిన ప్రథమ ప్రపంచ తెలుగు మహాసభలను మంత్రిగా ఉండి నిర్వహించినవారు ఆయనే. అటువంటి భాషాభిమాని పేరును వీధికో భవనానికో పెట్టడం మనకు అలవాటైన విషయం. ఆయన పేరును ఒక అక్షరరూపానికి కూడా పెట్టారు. కంప్యూటరులో తెలుగు అక్షరాలను చూపే ఫాంట్లలో 'మండలి' ఒకటి. 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల దీనిని రూపొందించగా, సిలికానాంధ్ర సంస్థ లోకానికి అందించింది.

ఈ ఫాంటును ఎవరైనా పైకం చెల్లించకుండా వాడుకోవచ్చు. దీని నిర్మాణాన్ని విప్పి పరిశీలించవచ్చు. ఒక వత్తో గుణింతమో సరిగా కుదరలేదని తోస్తే దిద్దుకోవచ్చు. నిబంధనలకు లోబడి, దిద్దిన ప్రతిని పదిమందికీ పంచవచ్చు కూడా. ఇటువంటి అనుమతితో వెలువడిన సాఫ్ట్‌వేరును ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటారు. ప్రోగ్రాం రచయిత మనుషులు చదవదగిన భాషలో రాసే ఆదేశాల సముదాయానికి సోర్స్‌కోడ్ అని పేరు. ఈ వ్యాసంలో దానిని 'మూలపాఠం' అని వ్యవహరిద్దాం. యంత్రం నడిపేది ఈ పాఠాన్ని కాదు, దీని నుంచి తయారైన అంకెల రూపాన్ని. పెక్కు వ్యాపారసంస్థలు ఆ అంకెల రూపాన్ని మాత్రమే అమ్మి, మూలపాఠాన్ని తమ వద్దనే దాచుకుంటాయి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ఈ పద్ధతిని ఎదిరించి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి నాంది పలికారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ ఆ మార్గాన్ని విశాలం చేసింది. నేటి ఆండ్రాయిడ్ ఫోన్లలో అంతర్భాగంగా పనిచేస్తున్నది ఆ లినక్సే.

అక్షరరూపంలో పొరపాటు దొర్లితే నష్టం స్వల్పం. చదువరి కన్ను ఒక క్షణం తడబడుతుంది, అంతే. అదే పొరపాటు ధనానికి సంబంధించిన ప్రోగ్రాంలో దొర్లితే? ఆ ప్రోగ్రాంకు యజమాని అంటూ ఎవరూ లేకపోతే? దానిని ఎవరు దిద్దాలి, ఎవరి దిద్దుబాటును లోకం అంగీకరించాలి? క్రిప్టోకరెన్సీ అనే పేరుతో గత పదిహేనేళ్ళకు పైగా జరుగుతున్న ప్రయోగం ఈ ప్రశ్నలనే మన ముందుంచుతున్నది.

క్రిప్టోకరెన్సీ స్వరూపం తెలియాలంటే మొదట లెక్కల పుస్తకాన్ని తలచుకోవాలి. పూర్వం గ్రామంలో భూమిలెక్కలన్నీ కరణం దస్త్రంలో ఉండేవి. పుస్తకం ఒకటే, దానిని రాసే చెయ్యి ఒకటే. కరణం ధర్మాత్ముడైతే గ్రామం సుఖపడేది, కాకపోతే చిక్కులే. 1984లో మన రాష్ట్రంలో ఆ వ్యవస్థ రద్దయింది. బ్యాంకులో కూడా చిట్టా ఆవర్జాలు బ్యాంకు వద్దనే ఉంటాయి. మనం బ్యాంకును నమ్ముతాం, బ్యాంకును రిజర్వు బ్యాంకు కనిపెట్టి ఉంటుంది. క్రిప్టోకరెన్సీలలో మొదటిదైన బిట్‌కాయిన్ పద్ధతి వేరు. అందులో చిట్టా ప్రతి ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఉంటుంది. ఈ కంప్యూటర్లను నోడ్‌లు అంటారు. సుమారు పది నిమిషాలకొకసారి, జరిగిన చెల్లింపులన్నీ ఒక పుటగా చేరుతాయి. ఆ పుటకు బ్లాకు అని పేరు. కఠినమైన గణితసమస్యను సాధించే పోటీలో గెలిచిన కంప్యూటరుకు ఆ పుట రాసే అవకాశం లభిస్తుంది. ఈ పోటీదారులే మైనర్లు. అయితే వారు రాసిన పుటను ప్రతి నోడ్ తనంతట తాను పరీక్షించి, నియమాలకు లోబడి ఉంటేనే తన చిట్టాలో చేర్చుకుంటుంది. నియమాలు ఎక్కడ ఉన్నవి? ప్రోగ్రాం మూలపాఠంలో. ఏ చట్టమూ, ఏ పాలకమండలీ రాసినవి కావు. మొత్తం నాణేలు 2 కోట్ల 10 లక్షలకు మించరాదన్న నియమం కూడా ఆ పాఠంలోని కొన్ని పంక్తులే. కాబట్టి ఈ పాఠాన్ని మార్చేవారికి నాణెం స్వభావాన్నే మార్చగల శక్తి ఉంటుంది.

సతోషీ నకమోటో అనే పేరుతో 2008 అక్టోబరు 31న తొమ్మిది పుటల పత్రం ఒకటి వెలువడింది. 2009 జనవరి 3న మొదటి బ్లాకు పుట్టింది. కొద్దిరోజులకే మూలపాఠం అందరికీ అందింది. ఆ పేరు ఒక వ్యక్తిదో, కొందరు కలిసి పెట్టుకున్నదో నేటికీ తేలలేదు. 2011 నాటికి ఆ రచయిత ఎవరికీ ఏ బాధ్యతా వివరించకుండా తెరమరుగయ్యారు. గ్రంథం మిగిలింది, కర్త లేడు.

మన సాహిత్యంలో ఇటువంటి స్థితి కొత్తది కాదు. వేమన పద్యాలు కవి స్వహస్తంతో మనకు చేరలేదు. లేఖకులు రాసిన తాళపత్రాలలో, పాడేవారి నోళ్ళలో అవి రకరకాలుగా మారుతూ వచ్చాయి. సి.పి.బ్రౌన్ పండితులను నియమించి, దొరికిన ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చి చూపించి, 1829లో వేమన పద్యాలను ప్రకటించారు. అనేక ప్రతులను పోల్చి, పాఠాంతరాలను గుర్తించి, యుక్తమైన పాఠాన్ని నిర్ణయించడమే పరిష్కరణ. పూనాలోని భండార్కర్ సంస్థ సంస్కృత మహాభారతాన్ని ఈ పద్ధతిలోనే పరిష్కరించి 1966 నాటికి పూర్తిచేసింది. బిట్‌కాయిన్ మూలపాఠాన్ని సంరక్షిస్తున్నవారి పనిని చూసినప్పుడు పరిష్కర్తలే గుర్తుకు వస్తారు. ఐతే ఒక భేదం ఉన్నది. గ్రంథపరిష్కర్త కవి ఏమి రాశాడన్నది అన్వేషిస్తాడు, కవిమాటకు తిరుగులేదు. ఇక్కడ ఆ మర్యాద చెల్లదు. కర్త రాసినదే తప్పు కావచ్చు.

అది త్వరలోనే రుజువైంది. 2010 ఆగస్టు 15న చిట్టాలో 74,638వ బ్లాకులో ఒక విపరీతం కనిపించింది. మొత్తం 2 కోట్ల 10 లక్షలకు మించరాని నాణేలు ఒక్క చెల్లింపులో 18,400 కోట్లకు పైగా పుట్టుకొచ్చాయి. చెల్లించే మొత్తాలను కూడే చోట, ఆ కూడిక కంప్యూటరు పట్టగల సంఖ్యను మించితే ఏమవుతుందన్నది రచయిత ఆలోచించలేదు. పాతరకం విద్యుత్ మీటరులో తొమ్మిదులన్నీ దాటగానే సున్నలు వచ్చినట్లే, పరిమితి దాటిన సంఖ్య తిరగబడి రుణసంఖ్యగా మారింది. ప్రోగ్రాం దానిని చిన్నమొత్తంగా భావించి అనుమతించింది. కొద్ది గంటలలోనే సతోషీ సవరించిన కూర్పును విడుదల చేశారు. దానిని వాడినవారందరూ ఆ దోషభూయిష్ఠమైన బ్లాకును విడిచి, దాని ముందునుంచి చిట్టాను తిరిగి రాశారు. ఆ రోజులలో వాడుకదారులు కొద్దిమంది, కర్త అందుబాటులో ఉన్నాడు. ఆ రెండు సౌకర్యాలూ తరువాత లేకపోయాయి.

సతోషీ తప్పుకొన్నాక గావిన్ ఆండ్రసన్ ప్రధాన సంరక్షకుడయ్యాడు. 2014లో ఆ బాధ్యత వ్లాదిమీర్ వాన్ డెర్ లాన్ అనే డచ్చి దేశస్థునికి సంక్రమించింది. ఆ ఏడాదే ప్రోగ్రాంకు 'బిట్‌కాయిన్ కోర్' అనే పేరు స్థిరపడింది. ఈ సంరక్షణ ఎంత నిర్మొగమాటమైనదో 2016లో తెలిసింది. ఆస్ట్రేలియాకు చెందిన క్రెయిగ్ రైట్ తానే సతోషీనని ప్రకటించుకోగా, ఆండ్రసన్ ఆ మాటను సమర్థించాడు. అతని ఖాతా ఇతరుల వశమై ఉండవచ్చునన్న అనుమానంతో సహచరులు, మూలపాఠాన్ని మార్చే అతని అధికారాన్ని వెంటనే ఉపసంహరించారు. ఒకనాటి ప్రధాన సంరక్షకుడన్న గౌరవం అడ్డురాలేదు. రైట్ సతోషీ కాడని 2024 మార్చిలో లండన్‌లోని హైకోర్టు తేల్చింది. కర్తృత్వ వివాదాలు మన సాహిత్యచరిత్రకు చిరపరిచితాలే. న్యాయస్థానం వరకు వెళ్ళినవి మాత్రం అరుదు.

ఇంతకూ ఒక మార్పు ఈ పాఠంలోకి ఎలా ప్రవేశిస్తుంది? చిన్న సవరణ అయితే, దానిని రాసినవారు తమ ప్రతిలో దిద్ది, ప్రధానప్రతిలో చేర్చుకొమ్మని అభ్యర్థిస్తారు. పాత పంక్తి ఏది, కొత్త పంక్తి ఏది అన్నది పక్కపక్కనే కనిపిస్తుంది. ఆ తరువాత ఎవరైనా దానిని చదివి అభిప్రాయం చెప్పవచ్చు. భావం బాగున్నదని ఒప్పుకోవడం ఒక మెట్టు. పాఠాన్ని పంక్తి పంక్తీ చదివి ఒప్పుకోవడం మరొక మెట్టు. తమ కంప్యూటరులో నడిపి, పరీక్షించి ఒప్పుకోవడం ఇంకొకటి. సమీక్షకులు తాము ఏ మెట్టుదాకా వచ్చారో స్పష్టంగా రాయాలన్నది అక్కడి ఆచారం. చదవకుండా బాగున్నదని రాసేవారి మాటకు విలువ ఉండదు. ఉపోద్ఘాతం మాత్రమే చదివి పీఠిక రాసే మన వాడుకతో పోలిస్తే ఇది మెచ్చదగిన నియమం. యంత్రం తనంతట తాను జరిపే వేలకొద్దీ పరీక్షలు, విలువలేని నాణేలతో నడిచే ప్రత్యేక పరీక్షావలయం ఇందుకు తోడు. అన్నీ తేలాక చేతివేళ్ళమీద లెక్కించదగినంతమంది సంరక్షకులలో ఒకరు, తన రహస్యసంకేతంతో ముద్రవేసి, సవరణను ప్రధానప్రతిలో చేరుస్తారు. పని ఒక్క ముద్రతో ముగుస్తుంది కాని, దానికి ముందు జరిగే చర్చ నెలలు, కొన్నిసార్లు ఏళ్ళు పడుతుంది.

నియమాలనే మార్చే ప్రతిపాదన అయితే మార్గం ఇంకా దీర్ఘం. 2011లో అమీర్ తాకీ ఇందుకొక పద్ధతిని ప్రవేశపెట్టాడు. ప్రతిపాదకుడు తన ఆలోచనను ముందుగా చర్చకు పెట్టాలి. తరువాత కారణాలు, సాంకేతిక వివరాలు, పాత కూర్పులతో పొత్తు కుదిరే తీరు, ఇవన్నీ వివరిస్తూ పత్రం రాయాలి. సంపాదకులు దానికొక సంఖ్య ఇస్తారు. సంఖ్య లభించినంత మాత్రాన ఆమోదం లభించినట్లు కాదు. చదవదగినట్లుగా రాశారనడానికి మాత్రమే అది గుర్తు.

మూలపాఠం శుద్ధంగా ఉన్నా, దాని నుంచి తయారుచేసిన యంత్రరూపంలో ఎవరైనా దురుద్దేశంతో ఏమైనా కలిపితే చదువరులకు తెలిసేదెట్లా? దీనికి కనిపెట్టిన ఉపాయం ముచ్చటైనది. వేర్వేరు దేశాలలోని పలువురు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, అదే మూలపాఠం నుంచి యంత్రరూపాన్ని తయారుచేస్తారు. అందరి ప్రతులూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితేనే దానిని నమ్ముతారు. పదిమంది లేఖకులు పది ఊళ్ళలో కూర్చుని రాసిన తాళపత్రాలలో ఒక్క సున్న కూడా తేడా రాకపోవడం వంటిది ఇది. మానవ లేఖకులకు అసాధ్యమైన ఈ పని యంత్రాలకు సాధ్యమే. అయినా దానికి ఎంతో జాగ్రత్తగా పరిస్థితులను సమకూర్చాలి.

ఇంత కట్టుదిట్టం చేసినా దోషం దొర్లదా? దొర్లింది. 2016లో ఒక సమర్థుడైన రచయిత, పరీక్షలు వేగంగా జరగాలన్న ఉద్దేశంతో, రెండుచోట్ల జరుగుతున్నదని భావించిన ఒక తనిఖీని ఒకచోట తొలగించాడు. ఒకే నాణేన్ని ఒకే చెల్లింపులో రెండుసార్లు ఖర్చుచేయకుండా ఆపే తనిఖీ అది. రెండవచోట ఉన్న తనిఖీ అన్ని సందర్భాలకూ చాలదు. సమీక్షకులు ఆ సవరణను చూశారు, ఒప్పుకున్నారు. 2017 మార్చిలో వచ్చిన 0.14 కూర్పులో అది చేరింది. ఆ తరువాత వచ్చిన కూర్పులలో దోషం ఇంకా ప్రమాదకరమైంది. తగిన పరికరాలున్న మైనర్ ఎవరైనా లేని నాణేలను సృష్టించుకోగలిగేవారు. ఏడాదిన్నరపాటు ఆ పంక్తులు లోకమంతటికీ తెరచి ఉన్నాయి. కోట్లాది డాలర్ల ధనం వాటిమీద ఆధారపడి ఉన్నది. ఎవరూ గమనించలేదు.

2018 సెప్టెంబరు 17న ఒక రహస్య సందేశం ఆ దోషాన్ని సంరక్షకులకు తెలియజేసింది. మరునాడే సవరించిన కూర్పు వచ్చింది. దోషం పూర్తి తీవ్రత వెంటనే చెబితే దుర్మార్గులకు దారి చూపినట్లవుతుందని, కంప్యూటర్లు ఆగిపోయే ప్రమాదం ఉన్నదని మాత్రమే మొదట ప్రకటించి, 20వ తేదీన మొత్తం విషయం బయటపెట్టారు. ఈ దాపరికం సమంజసమేనా అన్న చర్చ అప్పుడు జరిగింది. గండి పడిన సంగతి పూడ్చేవారికే ముందు చెప్పడం తప్పు కాదని నా అభిప్రాయం. అంతకన్నా ఆలోచించదగినది మరొకటి ఉన్నది. ఆ దోషాన్ని కనిపెట్టినది బిట్‌కాయిన్ కోర్ బృందంలోనివారు కాదు. వారితో విభేదించి విడిపోయిన పోటీ నాణెం 'బిట్‌కాయిన్ క్యాష్'కు పనిచేసే ఒక అజ్ఞాత రచయిత. మిత్రుల కన్ను దాటిపోయినది ప్రతిపక్షి కంటికి చిక్కింది.

కృష్ణ ఒడ్డున పుట్టినవారికి దీని అంతరార్థం తేలికగా బోధపడుతుంది. కరకట్ట కింద పొలాలున్న ప్రతివాడికీ ఆ కట్ట తనదే. అందరిదీ అయిన కట్టమీద వరదరాత్రి కాపలా ఎవరు తిరగాలి? పక్కవాడు చూసే ఉంటాడని ప్రతివాడూ పడుకుంటే ఎలుకబొరియ గండి అవుతుంది. 2009 అక్టోబరు వరదలో ఓలేరు దగ్గర కట్ట తెగినప్పుడు రేపల్లె ప్రాంతంలోని ఊళ్ళు ఎంత నష్టపోయాయో మన పెద్దలకు తెలుసు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చినప్పుడు అందరి కళ్ళూ ఆ కట్టమీదనే ఉన్నాయి. మూలపాఠం తెరచి ఉంచడం ఒక సంగతి, దానిని చదివేవారు ఉండడం మరొక సంగతి. సవరణలు రాసేవారికన్నా, ఇతరులు రాసిన సవరణలను ఓపికతో చదివేవారే ఈ రంగంలో తక్కువ. రాసినవానికి పేరు వస్తుంది. చదివి తప్పు పట్టినవానికి పేరు రాకపోగా ఒక్కొక్కసారి విరోధం కూడా వస్తుంది.

ఈ చదువరుల జీవనం గడిచేదెట్లా అన్న ప్రశ్న సహజం. కొందరు స్వచ్ఛందంగా పనిచేస్తారు. కొందరికి ఈ రంగంలోని సంస్థలు జీతమిస్తాయి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ 2015 నుంచి కొందరు రచయితలను పోషించింది. ధనమిచ్చినవారి ప్రభావం పాఠంమీద పడుతుందా అన్న సందేహం ఎప్పుడూ ఉండేదే.

ఇక కొత్త కూర్పు అమలులోకి వచ్చే విధానం చూద్దాం. మన ఫోనులోని యాప్‌లు మనం నిద్రపోతుండగానే తమంతట తాము మారిపోతాయి. బిట్‌కాయిన్ కోర్ అలా మారదు. కొత్త కూర్పును తెచ్చుకోవాలా, పాతదానితోనే ఉండాలా అన్నది నోడ్ నడిపేవారి ఇష్టం. సంరక్షకుల చేతికి ఇతరుల చిట్టాను మార్చే శక్తి ఉండకూడదన్న ఆలోచనతో బుద్ధిపూర్వకంగా చేసిన ఏర్పాటు ఇది. కాని ఇందువల్ల ఏకకాలంలో పలు కూర్పులు వాడుకలో ఉంటాయి. అవి ఒకే పుటను గురించి భిన్నాభిప్రాయాలకు వస్తే చిట్టా రెండుగా చీలుతుంది.

చీలికలలో రెండు రకాలను ఛందస్సు ద్వారా తెలుసుకోవచ్చు. ద్విపదకు ప్రాసనియమం ఉన్నది. ప్రాస లేని ద్విపదను మంజరీద్విపద అంటారు. శ్రీనాథుని పలనాటి వీరచరిత్రము మంజరీద్విపదలోనే నడిచింది. ఒక సభలో పరీక్షకులందరూ ప్రాస ఉన్నా లేకున్నా పద్యాన్ని అంగీకరిస్తున్నారనుకుందాం. కొంతకాలానికి వారిలో అధికులు ఇకమీదట ప్రాస తప్పనిసరి అన్నారు, కవులు అలాగే రాయసాగారు. పాతపద్ధతిలో ఉండిపోయిన పరీక్షకునికి ఇందువల్ల ఇబ్బంది లేదు. ప్రాస ఉన్న పద్యం అతనికీ సమ్మతమే. నియమాన్ని బిగించే ఇటువంటి మార్పును సాఫ్ట్ ఫోర్క్ అంటారు. దీనికి విపర్యయంగా, ప్రాస కోరుతున్న సభలో కొందరు నియమాన్ని సడలించి మంజరీద్విపదలు రాయడం ప్రారంభిస్తే, పాత పరీక్షకుడు వాటిని త్రోసిపుచ్చుతాడు. అందరూ ఒకేసారి మారితే తప్ప సభ రెండవుతుంది. ఇది హార్డ్ ఫోర్క్.

2013 మార్చిలో ఎవరూ కోరకుండానే హార్డ్ ఫోర్క్ సంభవించింది. అప్పటికి కొత్తదైన 0.8 కూర్పులో సమాచారాన్ని భద్రపరిచే పద్ధతిని మార్చి, వేగవంతం చేశారు. పాత పద్ధతిలో ఒకేసారి ఇన్ని అంశాలకు మించి తాకరాదన్న పరిమితి ఒకటి మరుగున ఉండేది. అది నియమమని ఎవరూ రాయలేదు, ఎవరికీ తెలియదు. చెల్లింపులు అధికంగా ఉన్న ఒక పెద్ద బ్లాకు వచ్చినప్పుడు కొత్త కూర్పు దానిని స్వీకరించింది, పాత కూర్పు నిరాకరించింది. కొన్ని గంటలపాటు రెండు చిట్టాలు సమాంతరంగా నడిచాయి. రచయితలు, పెద్ద మైనర్లు అప్పటికప్పుడు సంప్రదించుకొని, మెరుగైన కొత్త కూర్పును వాడుతున్నవారే వెనుకకు తగ్గి పాతదానికి రావాలని నిశ్చయించారు. నష్టపడి కూడా మైనర్లు ఒప్పుకున్నారు. ప్రోగ్రాంగా చూస్తే కొత్తది మేలైనది. కాని చిట్టా ఒకటిగా ఉండడం అంతకన్నా ముఖ్యం. వాడుకలో స్థిరపడిన అపపాఠాన్ని, శుద్ధపాఠం తెలిసికూడా, పరిష్కర్త కొంతకాలం ఉంచవలసిరావడం వంటిది ఈ నిర్ణయం.

అన్ని వివాదాలూ ఇంత సామరస్యంగా ముగియలేదు. ఒక బ్లాకులో ఎన్ని చెల్లింపులు పట్టాలన్న విషయంపై 2015 నుంచి రెండేళ్ళు తీవ్రమైన తగవు నడిచింది. బ్లాకు పరిమాణాన్ని పెంచాలని ఒక పక్షం. పెంచితే చిట్టా భారమై సామాన్యులు నోడ్ నడపలేరని మరొక పక్షం. పీటర్ వుల్లే ప్రతిపాదించిన 'సెగ్విట్' అనే సాఫ్ట్ ఫోర్క్ మధ్యేమార్గంగా కనిపించింది. మైనర్లలో 95 శాతం సమ్మతి తెలిపితే అది అమలులోకి రావలసి ఉండగా, నెలలు గడిచినా ఆ సమ్మతి రాలేదు. అప్పుడు నోడ్‌లు నడిపే సామాన్య వాడుకదారులలో కొందరు, 2017 ఆగస్టు 1 తరువాత సెగ్విట్‌కు సమ్మతి తెలపని బ్లాకులను తమ నోడ్‌లు అంగీకరించవని ప్రకటించారు. ఎవరూ కొనని పంట పండించి ప్రయోజనమేమి? ఆ గడువుకు ముందే మైనర్లు సమ్మతించారు. 2017 ఆగస్టు 24న సెగ్విట్ అమలైంది. బ్లాకు పెంచాలన్నవారు ఆగస్టు 1వ తేదీననే విడిపోయి బిట్‌కాయిన్ క్యాష్‌ను స్థాపించుకున్నారు. ఆ పక్షంవాడే మరుసటి ఏడాది ఇవతలి పక్షపు దోషాన్ని పట్టి ఇచ్చాడన్నది పైన చూశాం. తరువాత 'టాప్‌రూట్' అనే మార్పు పెద్ద కలహం లేకుండా 2021 నవంబరు 14న అమలైంది.

మరొక ప్రసిద్ధ నాణెం ఈథీరియం ఈ విషయంలో భిన్నమైన దారి ఎంచుకున్నది. 2016 జూన్‌లో దానిమీద నడుస్తున్న 'డావో' అనే నిధి నుంచి, మూలపాఠంలోని లోపం ఆధారంగా ఒకరు 36 లక్షల ఈథర్ నాణేలను మళ్ళించుకున్నారు. జూలైలో హార్డ్ ఫోర్క్ చేసి ఆ ధనాన్ని వెనుకకు రప్పించారు. రాసిన నియమమే శాసనమన్న కొందరు అందుకు సమ్మతించక, పాత చిట్టానే 'ఈథీరియం క్లాసిక్' పేరుతో కొనసాగించారు. దొంగసొమ్ము తిరిగిరావడం న్యాయమే. అయితే చిట్టాను ఒకసారి దిద్దిన చెయ్యి మరొకసారి దిద్దదన్న పూచీ ఏమున్నదని వారు వేసిన ప్రశ్నకు ఇంకా సంతృప్తికరమైన సమాధానం రాలేదు.

మూలపాఠం అందరిదీ కావడంవల్ల దానిని నకలు చేసి, పేరు మార్చి, కొత్త నాణెం ప్రకటించడం కూడా సులభమే. 2011లో చార్లీ లీ ప్రారంభించిన లైట్‌కాయిన్ బిట్‌కాయిన్ పాఠాన్ని ఆధారం చేసుకొని బహిరంగంగా, నిజాయితీగా రూపొందించినదే. అందరూ అలా చేయరు. ఒక పాఠాన్ని నకలు చేసినవాడు దానిని నిత్యం చదివి కాపాడే జనాన్ని నకలు చేయలేడు. అసలు పాఠమే లేకుండా నాణెమని అమ్మినవారూ ఉన్నారు. 2014లో మొదలైన 'వన్‌కాయిన్' అటువంటిది. ప్రపంచవ్యాప్తంగా మదుపుదారులు 400 కోట్ల డాలర్లకు పైగా దానిలో పోగొట్టుకున్నారని అమెరికా అధికారులు ఆరోపించారు. దాని సహస్థాపకునికి 2023లో 20 సంవత్సరాల జైలుశిక్ష పడింది. చిన్న పట్టణాలలో సైతం, తెలిసినవారి ద్వారా, నలుగురిని చేర్పిస్తే లాభమనే మాటలతో ఇటువంటి నాణేలు వస్తుంటాయి. మూలపాఠం ఎక్కడ ఉన్నది, దానిని ఎవరు చదువుతున్నారు, ఎంతకాలంగా చదువుతున్నారు అన్న ప్రశ్నలు వేస్తే అమ్మేవారు చాలావరకు మాట మారుస్తారు. పాఠం శుద్ధమైనదైనా నాణెం ధర నిలుస్తుందన్న హామీ లేదు. అది వేరే విషయం. మన దేశంలో క్రిప్టోకరెన్సీ చట్టబద్ధమైన చెలామణీ ద్రవ్యం కాదు. బ్యాంకులు ఈ వ్యాపారానికి సేవలందించరాదని రిజర్వు బ్యాంకు 2018లో జారీచేసిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. 2022 ఏప్రిల్ నుంచి వీటిమీద వచ్చే లాభానికి 30 శాతం పన్ను విధిస్తున్నారు.

బిట్‌కాయిన్ కోర్ మూలపాఠంలో సి ప్లస్ ప్లస్ భాషలో రాసిన భాగమే కాక, తెరమీద కనిపించే మాటలకు వివిధ భాషలలో చేసిన అనువాదాల దస్త్రాలు కూడా ఉన్నాయి. అందులో ఒకటి తెలుగుది. పంపు, స్వీకరించు, చిరునామా, రుసుము వంటి మాటలు అందులో ఉంటాయి. వీటిని అనువదించేవారు స్వచ్ఛంద కార్యకర్తలే. గణితంలోని సూక్ష్మదోషాన్ని పట్టగల మేధావులు ప్రపంచంలో ఎక్కడున్నా, 'పంపు' అని ఉండవలసినచోట 'స్వీకరించు' అని పడితే వారి కంటికి అది తప్పుగా కనిపించదు. ఆ పంక్తిని సమీక్షించగలవారు తెలుగు చదవగలవారు మాత్రమే.